కలెక్టరమ్మ కూత

రామచంద్రపురం,
6 జూన్ 2024

చిన్నమ్మాయక్కకి,

మొన్న ఆదివారం ఫోన్లో నేను "కోడికి బాగోలేదక్కా" అంటే నీకు "గోడ బాగోలేదు" అని వినిపించింది. "వానలు పడేలోగా సిమెంటు పూయించరా" అని నువ్వు చెబుతుంటే ఏమనాలో తోచక ఫోన్ పెట్టేశాను. నీ కోడలు వీరవేణి ఫోన్‌కి మెసేజ్ పెడితే అది చదివి చెప్పడం నీకిష్టం ఉండదు. అందుకే పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. ఇకనుంచి మనిద్దరికీ ఇదే ఫోను.

సంగతేంటంటే, గోడ కాదు, కోడి. సూర్యకళ పెంచిన నల్లచుక్కల పెట్ట. నీ మరదలు పోయాక మిగతా కోళ్లన్నిటినీ తలా ఒకరికి ఇచ్చేశాను గాని, దీన్ని ఇవ్వడానికి చేతులు రాలేదు. పెరడంతా తిరిగి ప్రతి మూలా తనిఖీ చేస్తుందని సూర్యకళ దానికి కలెక్టరమ్మ అని పేరు పెట్టింది. ఇప్పుడు ఈ ఇంట్లో నేనూ ఆ కలెక్టరమ్మే. పొద్దున్న నేను కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చుంటే, వచ్చి నా చెప్పుల మీద కూర్చుంటుంది.

ఉగాదికే గుడ్లు మానేసింది. వయసైంది కదా అనుకున్నాను. ఇప్పుడు పొట్ట కిందికి జారినట్టుంది. కాళ్లు ఎడంగా పెట్టి బాతులా నడుస్తోంది. నూకలు వేస్తే రెండు ముక్కుపోట్లు పొడిచి ఊరుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, జబ్బు చేసిన కోడికి తురాయి పాలిపోవాలి గదా, దీనికేమో ఎర్రగా, ఇంకా పెద్దదవుతోంది. పక్కింటి అమ్మిరాజు చూసి "కూర వండేసుకోండి బాబాయ్, ఆనక చిక్కిపోద్ది" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

నీకు కోళ్ల సంగతి తెలుసు. ఏం చెయ్యమంటావో రాయి.

దుర్గకి అయిదో నెల నడుస్తోంది. శ్రావణంలో సీమంతం చేసి పురిటికి తీసుకురావాలి. తల్లి లేని ఇంటికి పిల్ల పురిటికి వస్తోందంటే కాస్త భయంగానే ఉంది. పడమటి గదికి రంగులు వేయిస్తున్నాను. కాలువ లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరుగా ఉన్నన్నాళ్లూ ఎంత వరదొచ్చినా తడబడలేదు గాని, ఈ గదిలో మంచం ఎటు వేయాలో తేల్చుకోలేకపోతున్నాను.

నీ తమ్ముడు
చంద్రరావు


మొగల్తూరు,
12 జూన్ 2024

ఒరేయ్ చంద్రం,

నీ ఉత్తరం అందింది. ఎన్నాళ్లయిందిరా నీ చేతిరాత చూసి! ఇప్పటికీ ఒత్తులు కిందికి వేలాడేస్తావు. ఇంట్లో అందరూ నాతో గట్టిగా అరుస్తారు, నువ్వొక్కడివే నెమ్మదిగా మాట్లాడినట్టుంది.

దానికి గుడ్డు అడ్డం పడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు బేసిన్లో పోసి పొట్ట మునిగేలా కాసేపు కూర్చోబెట్టు. వేడి ఎక్కువైతే చస్తుంది, ముందు నీ మోచెయ్యి పెట్టి చూసుకో. తర్వాత రెండు చుక్కలు ఆముదం నోట్లో వెయ్యి. గవ్వలు దంచి నూకల్లో కలుపు. మీ ఊళ్లో గవ్వలెక్కడ దొరుకుతాయిలే, గుడ్డుపెంకులు ఎండబెట్టి నలిపి పెట్టు. చీకటిగా, గాలి తగలని చోట ఉంచు. రెండు పూటలు ఇలా చేస్తే గుడ్డు బయటికొచ్చేస్తుంది.

తురాయి ఎర్రబడటం మాత్రం నాకు తెలీదు. ఎండకేమో.

ఎల్లుండితో వేట నిషేధం అయిపోతుంది. హరిబాబు వలలు బాగుచేసుకుంటున్నాడు. నా కొడుకనే గాని, వాడు ఇంట్లో ఉన్న ఈ రెండు నెలలూ తిండి తినడం, ఫోన్ చూడటం, వీరవేణితో పోట్లాడటం. సముద్రం మీదకి వెళ్తే నాకు బెంగ, ఇంట్లో ఉంటే తలనొప్పి.

దుర్గ గురించి భయపడకు. పురిటికి నేనొస్తాను. మంచం తల తూర్పుకి పెట్టు. కిటికీ గాలి నేరుగా పిల్ల మీదకి రాకూడదు. అంతే, దానికింత ఆలోచన ఎందుకు?

ఒక ముసలి కోడి కోసం కవర్లు కొన్నావంటే నాకు నవ్వొచ్చింది. కోప్పడకు. రాస్తూ ఉండు.

నీ అక్క


రామచంద్రపురం,
29 జూన్ 2024

అక్కకి,

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. బేసిన్లో కూర్చోబెడితే కలెక్టరమ్మ కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంది. ఆముదం మాత్రం నా చొక్కా మీద కక్కేసింది. గుడ్డు రాలేదు.

ఇంకో సంగతి. ఇది నువ్వు ఎవరికీ చెప్పకు.

మొన్న తెల్లవారుజామున పెరట్లో ఏదో వింత చప్పుడు. చాలా రోజులు ఎత్తని లాకు తలుపు ఎత్తితే ఇనుము మూలిగినట్టు ఉంటుందే, అలాంటిది. అమ్మిరాజు వాళ్ల పుంజుకి గొంతు పోయిందేమో అనుకుంటూ తలుపు తీశాను. కలెక్టరమ్మ బట్టలుతికే బండ మీద నిలబడి ఉంది. నేను చూస్తుండగానే మెడ సాచి, రెక్కలు ఒకసారి కొట్టుకుని, కూసింది. అక్కా, నిజం. పుంజు కూసినట్టే కూసింది. బొంగురుగా ఉంది, చివర్లో గొంతు జారిపోయింది, అయినా అది కూతే. కూసి తనే ఉలిక్కిపడి నా వైపు చూసింది.

అమ్మిరాజు భార్య గోడ మీంచి చూసి నోటి మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత దాన్ని ఒళ్లో పెట్టుకుని చూశాను. కాళ్ల వెనక ముళ్లు మొలుస్తున్నాయి, పుంజుకి ఉన్నట్టు. మెడ మీద ఈకలు సన్నగా పొడుగ్గా వస్తున్నాయి. ఏడేళ్లపాటు గుడ్లు పెట్టి పిల్లల్ని పొదిగిన పెట్ట ఇది.

ఊళ్లో పశువుల ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందట. తీసుకెళ్లి చూపిస్తాను. నీకిలాంటిది ఎప్పుడైనా తెలుసా?

గది రంగు ఆరింది. లేత పసుపు వేయించాను. దుర్గకి ఫోటో పంపితే "అమ్మ చీర రంగులా ఉంది నాన్నా" అంది.

చంద్రరావు


మొగల్తూరు,
5 జూలై 2024

చంద్రం,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు ఝల్లుమంది.

పెట్ట కూస్తే ఇంట్లో ఉంచుకోకూడదురా. నీకు గుర్తులేదు, చిన్నవాడివి. గోదారి ఒడ్డున పాకలో ఉన్నప్పుడు అమ్మ పెంచిన ఎర్రపెట్ట ఒకటి కూసింది. సూర్యుడు నెత్తిమీదకి రాకముందే అమ్మ దాన్ని కోయించి, ఆ కూర మన చేత ముట్టనివ్వకుండా ఏటి అవతలివాళ్లకి ఇచ్చేసింది. అంత కష్టపడి పెంచుకున్నది, ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు.

ఇప్పుడు నీ ఇంటికి కడుపుతో ఉన్న పిల్ల రాబోతోంది. తల్లి కూడా లేదు. నీ కూతురికన్నా ఆ కోడి ఎక్కువా? డాక్టర్లూ మందులూ ఇవన్నీ ఎందుకు? అమ్మిరాజుకి చెప్తే వాడే కోసేస్తాడు. నీకు చూడటం ఇష్టం లేకపోతే ఆ పూట బజారుకి వెళ్లు.

కటువుగా రాశాననుకోకు. ఇంటికి పెద్దదాన్ని, అమ్మ బదులు చెప్పాలి కదా.

ఇక్కడ వానతో ఈదరగాలి. హరిబాబు బోటు నిన్న తిరిగొచ్చింది. రొయ్య పడలేదు, కవళ్ల చేపలే పడ్డాయి. ఎండబెడదామంటే ఎండ లేదు.

నీ అక్క


రామచంద్రపురం,
17 జూలై 2024

అక్కకి,

నువ్వు రాసినది చదివాను. వెంటనే జవాబు రాయబుద్ధి కాలేదు. ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

గంపలో పెట్టుకుని వెళ్తే అక్కడ గేదెలవాళ్లు, మేకలవాళ్లు నన్ను చూసి నవ్వారు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పొట్ట నొక్కి చూసింది, ముళ్లు చూసింది. "ఎన్నాళ్లనుంచి కూస్తోందండి?" అని అడిగింది, మనిషి దగ్గు గురించి అడిగినట్టే.

కోడిపెట్టకి ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుందట. దానికి జబ్బు చేస్తే ఒంట్లో హార్మోన్లు తారుమారై పుంజు లక్షణాలు వస్తాయట. తురాయి ఎర్రబడటం, ముళ్లు, కూత అన్నీ అందుకేనట. "పుస్తకంలో చదివానండి, చూడటం ఇదే మొదలు. లోపల గడ్డ ఉన్నట్టుంది. పొట్టలో నీళ్లు చేరాయి" అంది. సూదితో నీళ్లు తీసింది. కలెక్టరమ్మ కదలకుండా నా చేతుల్లో పడుకుంది. తీసిన తర్వాత ఒళ్లు తేలికై, అక్కడే టేబుల్ మీద ఈకలు విదిల్చుకుంది.

"మళ్లీ చేరతాయండి. వయసైపోయిన కోడి, ఆపరేషన్‌కి తట్టుకోదు. ఉన్నన్నాళ్లు సుఖంగా ఉంచండి" అంది.

అక్కా, ఈ మాటలు నేను ఇంతకుముందు విన్నాను. కాకినాడలో సూర్యకళ రిపోర్టులు చూసి ఆ పెద్ద డాక్టరు చెప్పినవి ఇవే. అండాశయంలో గడ్డ, పొట్టలో నీళ్లు, తీసినా మళ్లీ చేరతాయి. ఆయన గబగబా ఇంగ్లీషులో చెప్పేస్తే నాకు సగం అర్థం కాలేదు. బస్సులో సూర్యకళే నాకు విడమర్చి చెప్పింది. చెప్పి, కాసేపు కిటికీలోంచి చూసి, "కోళ్లని గూట్లో పెట్టమని అమ్మిరాజుతో చెప్పారా?" అని అడిగింది. పశువుల ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుంటే ఆ బస్సే గుర్తొచ్చింది. గేదెలాయన వచ్చి "బాబుగారూ, ఒంట్లో బాగోలేదా?" అంటే తప్ప లేవలేకపోయాను.

కోయమని నువ్వు రాశావు. నావల్ల కాదు.

ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. దుర్గ అత్తగారు పెద్దింట్లమ్మగారు ఫోన్ చేశారు. "అన్నయ్యగారూ, మీ ఇంట్లో పెట్ట కూస్తోందట కదా. అది ఉండగా పిల్లని ఎలా పంపుతామండి? తొలి కాన్పు. మీరే ఆలోచించండి" అన్నారు. ఆవిడ మర్యాదగానే అన్నారు. అల్లుడు మణిదీప్ "అమ్మ మాట తీసేయలేను మావయ్యా" అన్నాడు. దుర్గ ఫోన్ తీసుకుంది. ముక్కు ఎగబీల్చడం మాత్రం వినిపించింది.

ఈ సంగతి కాకినాడలో వాళ్ల ఇంటి దాకా చేరేసింది అమ్మిరాజు భార్యే. మాకిక మాటల్లేవు. ఇరవయ్యేళ్లుగా పక్కపక్కనే ఉన్నాం, నిన్న గోడ దగ్గర వాణ్ణి అనకూడని మాటలన్నాను.

చంద్రరావు


మొగల్తూరు,
24 జూలై 2024

చంద్రం,

పోస్టుమాన్ వెంకటరమణ గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వరదకి దార్లు మూసేస్తే మళ్లీ ఎప్పుడొస్తాడో, అందుకని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

సూర్యకళ సంగతి చదివాక నిన్నేమీ అనలేను. అమ్మిరాజుని ఏమీ అనకు, వాడి భార్య తప్పు లేదు. నీ ఉత్తరంలో సంగతి నేను వీరవేణికి చెప్పాను, అది నవ్వులాటకి దుర్గకి వాయిస్ పెట్టింది, దుర్గ పక్కనే వాళ్ల అత్తగారు ఉండి విన్నారు. సంగతి వెళ్లింది మా ఇంట్లోంచే.

ఇంక ఆలోచించకు. ఆ పెట్టని పంపేసెయ్. శ్రావణం రాకముందే పంపేస్తే అందరికీ మంచిది. నీకూ మనసు కుదుటపడుతుంది. పెద్దింట్లమ్మకి నేను రాస్తాను.

అక్క


రామచంద్రపురం,
31 జూలై 2024

అక్కగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. "పంపేసెయ్" అన్నారు. కోసేయమని ఒకసారి రాశారు, ఈసారి కాస్త మెత్తగా రాశారు. రెండూ ఒకటే.

సూర్యకళ మాట మీకు రాసి ఉండకూడదు. చదివిన తర్వాత కూడా మీకు అలాగే అనిపిస్తే ఇక నేను చెప్పగలిగింది లేదు.

అమ్మిరాజు దగ్గరికి వెళ్లి నాదే పొరపాటని చెప్పాను. వాడు తలుపు దగ్గరే నిలబడి విన్నాడు గాని, లోపలికి రమ్మనలేదు.

పెద్దింట్లమ్మగారికి ఫోన్ చేసి, పురుడు వాళ్ల ఇంట్లోనే పోయించుకోమని చెప్పేశాను. పెట్టవలసినవన్నీ నేను తీసుకెళ్లి ఇస్తాను. దుర్గ ఫోన్ తీసుకుని "పోనీలే నాన్నా" అంది. ఆ పోనీలేలో ఏముందో నాకు తెలుసు. తల్లి బతికి ఉంటే ఆ మాట అనవలసిన అవసరం దానికి వచ్చేది కాదు. ఆ పసుపు గది తలుపు వేసేశాను.

కలెక్టరమ్మకి మళ్లీ పొట్ట నిండుతోంది. అయినా పొద్దున్నే కూస్తోంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
చంద్రరావు


మొగల్తూరు,
5 ఆగస్టు 2024

ఒరేయ్ వెర్రివాడా,

నన్ను "మీరు" అంటావా? నువ్వు పుట్టినప్పుడు బొడ్డుతాడు ఊడేదాకా నిన్ను ఒళ్లోంచి దించనిదాన్ని, నన్ను "అక్కగారూ" అంటావా? ఆ ముక్క చదివి అన్నం సహించలేదు నాకు.

పంపేసెయ్ అంటే మా ఇంటికి పంపమనిరా! నా దగ్గరికి! పంపడమంటే కోయడమని ఎక్కడ నేర్చుకున్నావు? వెంకటరమణ నిలబడి ఉన్నాడని తొందరలో రాశాను. ఎక్కడికో రాయడం మర్చిపోయాను, అంతే. నేనేమో ఆ రోజునుంచీ గంప కడిగి, అడుగున వరిగడ్డి పరిచి, ఇవాళ వస్తుంది రేపు వస్తుంది అని చూస్తున్నాను. హరిబాబు స్నేహితుడు అబ్రహాముకి ఆటో ఉంది, నర్సాపురం బస్టాండులో దింపుకోమని చెప్పి ఉంచాను. వాడు రోజూ "ఏవమ్మా, మీ కోడెప్పుడొస్తది?" అని సైగ చేస్తాడు.

నీ ఉత్తరం చదివిన రోజు నేను చాలాసేపు ఆలోచించాను. సూర్యకళ నీళ్లు తీయించుకున్నప్పుడు ఆసుపత్రిలో నేనే పక్కన ఉన్నాను కదరా. తీసిన తర్వాత మంచం మీద లేచి కూర్చుని, "వదినా, ఆకలేస్తోంది" అంది. ఆ ముఖం నేను మర్చిపోలేను. నీ కలెక్టరమ్మ ఈకలు విదిల్చుకుందని రాసినప్పుడు నాకు అదే కనిపించింది. అలాంటిదాన్ని కోయమని మళ్లీ ఎలా చెప్తాననుకున్నావు?

అరిష్టం అంటావా, నేనిప్పటికీ నమ్ముతాను. అబద్ధం చెప్పను. కానీ వచ్చే అరిష్టమేదో నాకు రానీ. నేను చూడాల్సినవన్నీ చూశాను. పైగా అది ఎంత కూసినా నాకు వినపడదు. వీరవేణి మొదట మూతి ముడిచింది. "నీ వాయిస్ వల్లే కదే ఇదంతా" అన్నాను. ఒప్పుకుంది.

పెద్దింట్లమ్మకి కూడా రాశాను. "వదినగారూ, కోడి మా ఇంటికి వచ్చేస్తోంది, దుర్గని పుట్టింటికి పంపండి, పురిటికి నేనుంటాను" అని.

ఆ గది తలుపు తెరువు.

నీ అక్క (గారు కాదు)


రామచంద్రపురం,
19 ఆగస్టు 2024

అక్కా,

నిన్న సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేరాను. నీ దగ్గర ఉన్న రెండు రోజుల్లో క్షమించమని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. అరిస్తే తప్ప నీకు వినపడదు, ఆ మాట అరిచి చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. క్షమించు.

మీ ఊరు వచ్చేటప్పటి ప్రయాణం గురించి నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. రావులపాలెంలో బస్సు మారేదాకా కలెక్టరమ్మ గంపలో బుద్ధిగానే ఉంది. పాలకొల్లు దాటాక, బస్సంతా నిశ్శబ్దంగా కునికిపాట్లు పడుతుంటే, ఒక్కసారి కూసింది. కండక్టరు వచ్చి "పుంజునెక్కడికి తీసుకెళ్తున్నారండి?" అన్నాడు. పెట్ట అంటే నమ్మలేదు. గంప మూత తీసి చూపిస్తే వెనక సీట్లో పెద్దావిడ తొంగిచూసి "అయ్యో తల్లీ, ఎంత నీరసంగా ఉందో" అని తన టిఫిన్ బాక్సులోంచి నాలుగు మెతుకులు వేసింది. కూతకి ఎవరూ భయపడలేదు.

గంప బస్సు ఎక్కించింది ఎవరనుకున్నావు? అమ్మిరాజే. నేను వీధిలోకి రాగానే గంప అందుకుని బస్టాండు దాకా మోశాడు. బస్సు కదిలేముందు "వెళ్లిరండి బాబాయ్" అన్నాడు. చాలు.

దుర్గని ఈ వారంలోనే తీసుకొస్తున్నాను. పెద్దింట్లమ్మగారు నీ ఉత్తరం దాచుకున్నారట, "మీ అక్కగారు ఎంత బాగా రాస్తారో అండి" అన్నారు.

పొద్దున్న కాఫీ తాగేటప్పుడు చెప్పులు ఖాళీగా ఉన్నాయి. అది ఎలా ఉందో రాయి.

నీ చంద్రం


మొగల్తూరు,
11 సెప్టెంబర్ 2024

చంద్రం,

మీ కలెక్టరమ్మ ఇక్కడ చార్జి తీసుకుంది. మొదటి రెండు రోజులు ఎండు చేపల వాసనకి తుమ్ముతూ ఒక మూల కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి, వీరవేణి గిన్నెలన్నీ చూసుకుని వెళ్లింది. ఇప్పుడు కవళ్లు ఎండబెడితే కాకుల్ని దగ్గరికి రానివ్వదు. కుంటుకుంటూనే తరుముతుంది.

పొట్ట మళ్లీ నిండితే అబ్రహాము ఆటోలో నర్సాపురం తీసుకెళ్లి నీళ్లు తీయించాం. అక్కడి డాక్టరు కుర్రాడు "ఇంతకుముందు బాగా చూశారండి దీన్ని" అన్నాడని వీరవేణి కాగితం మీద రాసి చూపించింది.

ఒక సంగతి చెప్పాలి నీకు. పొద్దున్నే అది నా ఒళ్లోకి వచ్చి కూర్చుంటోంది. మొన్న దాని మెడ నిమురుతుంటే ఒక్కసారి మెడ బిగుసుకుంది, నా అరచేతి కింద గొంతు గుడగుడమని కదిలింది. ఏమైందా అని కంగారుపడి చూస్తే, వీరవేణి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. కూసిందట! ఒరేయ్, నేను విన్నాను. చెవులతో కాదు. అప్పటినుంచీ రోజూ దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంటున్నాను. ఎన్నాళ్లయిందిరా నేను ఒక కోడి కూత విని.

అమ్మ తన ఎర్రపెట్టని ఎందుకు కోయించిందో అని ఈ మధ్య అనుకుంటున్నాను. అదీ జబ్బుదేనేమో పాపం. అమ్మకి ఎవరు చెప్తారు?

దుర్గకి కాళ్లవాపులుంటే ఉప్పు తగ్గించు. దసరా వెళ్లగానే బయల్దేరి వస్తాననుకున్నాను గాని, మోకాలు పట్టేసింది. చూస్తాను. నేను రాలేకపోతే పెద్దింట్లమ్మని రమ్మను. మొహమాటపడకు, ఆవిడ మంచిదే.

నీ అక్క


రామచంద్రపురం,
16 అక్టోబర్ 2024

అక్కా,

దుర్గకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. వీరవేణి ఫోన్లో ఫోటో చూసే ఉంటావు, అయినా నా చేత్తో నీకు రాయాలనిపించింది. పిల్ల నోరు తెరిచి ఏడిస్తే వీధి చివరికి వినిపిస్తోంది. గడ్డం మీద సూర్యకళకి ఉన్నట్టే చిన్న నొక్కు.

నువ్వు రాలేవని తెలిసి పెద్దింట్లమ్మగారే వచ్చారు. పసుపు గదిలో కింద చాప వేసుకుని కోడలి పక్కనే పడుకుంటున్నారు. పథ్యం వంట చేస్తారు, నన్ను వంటింట్లోకి రానివ్వరు. మొదట ఆవిడ ముందు ఎలా మసలాలో తెలియలేదు. ఇప్పుడు పొద్దున్న నా కాఫీ కూడా ఆవిడే ఇస్తున్నారు.

దుర్గ నిన్న "నాన్నా, అమ్మ కోడిని నా వల్లే పంపేశారు కదూ" అంది. పెద్దింట్లమ్మగారు అక్కడే ఉన్నారు, తలెత్తలేదు. పురుడు వెళ్లాక తెచ్చేసుకుందామని దుర్గకి చెప్పాను. అది ఎలా ఉంది? నీ మోకాలెలా ఉంది?

నీ చంద్రం


మొగల్తూరు,
22 అక్టోబర్ 2024

చంద్రం,

పిల్లకి నా ఆశీస్సులు. ఫోటో చూశాను. నొక్కు చూశాను. వీరవేణి చేత ఆ ఫోటో పెద్దది చేయించుకుని మళ్లీ మళ్లీ చూశాను.

దాచడం నావల్ల కాదు, చెప్పేస్తున్నాను. కలెక్టరమ్మ పోయింది. నీ ఉత్తరం రావడానికి ముందురోజు. కొన్నాళ్లుగా కూయడం మానేసింది. తిండి మానేసింది. నర్సాపురం తీసుకెళ్దామంటే గంపలోకి ఎక్కించుకోనివ్వలేదు, నా చీర కుచ్చిళ్లలోకి దూరింది. ఇంక వద్దులే అన్నాను. మధ్యాహ్నం ఎండ అరుగు మీదకి వచ్చేవేళ నా ఒళ్లోనే పోయింది. బాధపడలేదు. నా చెయ్యి దాని మెడ మీదే ఉంది.

హరిబాబు పెరట్లో కొబ్బరిమొక్క పక్కన గొయ్యి తీశాడు. అబ్రహాము కూడా వచ్చి నిలబడ్డాడు. వీరవేణి ఏడ్చింది, నాకంటే ఎక్కువ.

పురిటింట్లో ఈ మాట ఎప్పుడు చెప్పాలో నువ్వు చూసుకో. దుర్గకి ఇప్పుడే చెప్పకు.

నువ్వు దిగులుపడకు. అన్నం తిను.

అక్క


రామచంద్రపురం,
30 అక్టోబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని చదివాను. పెద్దింట్లమ్మగారు పిల్లని ఎండకి పట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. నా ముఖం చూసి "అక్కగారు బాగున్నారా అన్నయ్యగారూ?" అని కంగారుగా అడిగారు.

దాచాలనుకున్నాను గాని కుదరలేదు. "అక్క బాగానే ఉందండి. కోడి పోయిందట" అన్నాను.

ఆవిడ పిల్లని భుజం మీదకి మార్చుకున్నారు. వీపు తడుతూ కూర్చున్నారు. అరిష్టం వదిలిందని అంటారేమో, అంటే ఏం చెప్పాలా అని నేను తలవంచుకుని కూర్చున్నాను. ఆవిడ అనలేదు. గొంతు తగ్గించి, లోపల దుర్గకి వినపడకుండా అడిగారు.

"ఆఖర్లో మంచినీళ్లు తాగిందా అన్నయ్యగారూ?"

నాకు తెలియదన్నాను. "అడగండి. మీ అక్కగారికి రాయండి" అన్నారు.

అందుకే రాస్తున్నాను. తాగిందా అక్కా?

చంద్రం


(పోస్టు కార్డు)

మొగల్తూరు,
4 నవంబర్ 2024

చంద్రం,

తాగింది. దోసిట్లో పోస్తే నా చేతిలోంచే తాగింది. తల పైకెత్తి మింగింది. ఇంకా కావాలన్నట్టు చూస్తే మళ్లీ పోశాను, అదీ తాగింది.

వదినగారికి చెప్పు.

అక్క